పోచంపల్లి మగ్గం గదిలో ఫోటో జూమ్‌లు: ఒక డాక్యుమెంటరీ కేస్ స్టడీ

భూదాన్ పోచంపల్లిలో ఒక నేత కుటుంబం మీద 22 నిమిషాల డాక్యుమెంటరీ తీశాం. షూటింగ్ 6 రోజులు. యూనిట్ అంతా కలిపి నలుగురం: దర్శకురాలు, సౌండ్ చూసే కుర్రాడు, షాట్ నడుస్తుండగా ఫోకస్ మార్చే (ఫోకస్ పుల్) నా అసిస్టెంట్, కెమెరా మీద నేను. కెమెరా బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 6కె. లెన్సులన్నీ స్టిల్ ఫోటోగ్రఫీ కోసం తయారైన జూమ్‌లే. మంచి సినిమా జూమ్ ఒకటి తెచ్చుకుంటే రెండు రోజుల అద్దెకే మా కెమెరా బడ్జెట్ అయిపోయేది.

మొదటి రోజు తీసినదాంట్లో సగం పైగా పారేశాం. మిగతా ఐదు రోజులు ఆ తరహా లెన్సులతోనే తీసింది దాదాపు అంతా ఎడిట్‌లో నిలబడింది. మధ్యలో ఏం మార్చామో వివరంగా రాస్తున్నాను. తక్కువ డబ్బుతో సినిమా కెమెరా మీద ఫోటో లెన్సులు పెట్టి పని చేసేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. మేము పడ్డ ఇబ్బందే వాళ్లూ పడుతున్నారని నాకు తెలుసు.

జూమ్ ఎందుకు

ఆ ఇంట్లో ఉన్నది గుంట మగ్గం. నేసే మనిషి గుంటలోకి కాళ్లు వేసుకుని నేల మీదే కూర్చుంటాడు. మగ్గం పోను గదిలో మిగిలేది ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత చోటు. ఒకవైపు చిన్న కిటికీ, తలుపు తీస్తే వచ్చే వెలుగు, పైన ఒక ట్యూబ్‌లైట్, అంతే. గాలిలో సన్నటి నూలు పీచు ఎప్పుడూ తేలుతూ ఉంటుంది. అలాంటి చోట లెన్స్ ఊడదీసి సెన్సర్ తెరిచి పెట్టడం నాకు ఇష్టం లేదు. జూమ్ లేని, ఒకే ఫోకల్ లెంగ్త్ ఉండే ప్రైమ్ లెన్సులు వాడితే ప్రతి మార్పుకీ బయటికి నడిచి వెళ్లాలి. ఈలోపు చేతిలో పని ఎవరి కోసమూ ఆగదు కదా.

ఈ కెమెరా సెన్సర్ వెడల్పు 23.1 ఎంఎం, అంటే సినిమా కెమెరాల్లో వాడే సూపర్ 35 సైజుకి దగ్గర. దాని మీద 18 ఎంఎం లెన్స్ (ఈ అంకె తగ్గేకొద్దీ ఫ్రేము వెడల్పవుతుంది) పెట్టి 8 అడుగుల దూరం నుంచి చూస్తే 10 అడుగుల పైచిలుకు వెడల్పు ఫ్రేములోకి వస్తుంది. మగ్గం, మనిషి, కిటికీ మూడూ పడతాయి. అందుకే ఎఫ్ 1.8 ఉన్న సిగ్మా 18-35 తీసుకున్నాం (ఎఫ్ అంకె చిన్నదైతే లోపలికి వెలుగు ఎక్కువ వస్తుంది). అది ఏపీఎస్-సీ అనే చిన్న సైజు సెన్సర్ల కోసం చేసిన లెన్స్. ఈ కెమెరా సెన్సర్‌ని పూర్తిగా కప్పుతుంది కానీ ఇంకా పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద పెడితే మూలలు నల్లబడతాయి. దూరం నుంచి ముఖాలు, వేళ్లు తీయడానికి 70-200 ఎఫ్ 2.8. ఈ రెండింటి మధ్య ఖాళీ ఎందుకని, ఒకే లెన్స్‌తో రోజంతా గడిచిపోతుందని ఒక 24-105 ఎఫ్ 4 కూడా అద్దెకు తెచ్చాను. మొదటి రోజు కెమెరా మీద ఎక్కువసేపు ఉన్నది అదే.

మొదటి రోజు

ఉదయం ఆసు పోయడంతో మొదలుపెట్టాం. తెలియనివాళ్ల కోసం: ఇక్కత్‌లో దారానికి రంగు అద్దకముందే దాన్ని ఒక చెక్క చట్రం మీద, అర్ధచంద్రాకారంలో కొట్టిన మేకుల చుట్టూ లెక్క ప్రకారం చుట్టాలి. చెయ్యి మధ్యలోంచి మేకు దాకా వెళ్లి తిరిగి రావాలి. ఒక్క చీరకి ఇలా వేల సార్లు. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక దీనికి యంత్రం చేసిన సంగతి చాలామందికి తెలుసు. ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చింది. మేము తీసిన ఇంట్లో మాత్రం పెద్దమ్మ ఇంకా చేత్తోనే పోస్తోంది.

దర్శకురాలు అడిగింది ఒకే షాట్. ముందు పెద్దమ్మ, ఆసు మొత్తం కనపడాలి. తర్వాత మెల్లగా జూమ్ అవుతూ దారం పట్టుకున్న రెండు వేళ్ల దగ్గరికి వెళ్లి ఆగాలి. నేను 24 దగ్గర ఫ్రేము పెట్టి, ఫోకస్ చూసుకుని, రింగ్ తిప్పుతూ 105 దాకా వెళ్లాను. కెమెరా వెనకున్న 5 అంగుళాల తెర మీద బాగానే అనిపించింది. మూడు టేకులు తీశాక పెద్దమ్మ భుజం పట్టుకుని, "ఇంకోపారి పొయ్యాల్నా సారూ? చెయ్యి గుంజుతాంది" అంది. "అయిపోయింది పెద్దమ్మా, చాలు" అన్నాను.

రాత్రి లాప్‌టాప్ మీద రషెస్ (ఆ రోజు తీసిన షాట్లు) చూస్తే మూడింట్లోనూ అదే తప్పు. మొదటి ఫ్రేములో అంతా షార్ప్. జూమ్ సగం దాటేసరికి వేళ్లు మెత్తబడ్డాయి. చివర్లో వెనకున్న మేకులు స్పష్టంగా ఉన్నాయి, దారం లేదు. దానికి తోడు జూమ్ రింగ్ ఒకే వేగంతో తిరగలేదు, మధ్యలో ఒకచోట గట్టిగా పట్టి వదిలినట్టు చిన్న కుదుపు. ఆ ముసలావిడ చేత అన్నిసార్లు చేయించి ఒక్కటీ దక్కించుకోలేకపోయామని నాకు నిజంగా బాధేసింది.

మధ్యాహ్నం తీసిన టాప్ షాట్‌ది ఇంకో కథ. దూలానికి రాడ్ కట్టి కెమెరాని కిందికి చూసేలా వేలాడదీశాం, మగ్గం మీద అడ్డదారం మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తడం కనపడాలని. 24-105 జూమ్ చేస్తే గొట్టం బయటికి సాగుతుంది. ముందున్న గాజు బరువుకి టేక్ జరుగుతుండగా అది తనంతట తానే జారింది. నాలుగు నిమిషాల టేకులో మగ్గం మెల్లమెల్లగా దగ్గరైపోయింది.

ఎందుకలా

ఫోటోగ్రాఫర్ జూమ్ చేశాక మళ్లీ ఫోకస్ చేసుకుంటాడు. బటన్ సగం నొక్కితే ఆటోఫోకస్ క్షణంలో పట్టేస్తుంది. కాబట్టి జూమ్ తిప్పినా ఫోకస్ కదలకూడదన్న షరతు ఫోటో లెన్స్ చేసేవాళ్లకి అంత ముఖ్యం కాదు. ఆ షరతు వదిలేస్తేనే లెన్స్ చిన్నదవుతుంది, తేలికవుతుంది, మనం కొనగలిగే ధరకి వస్తుంది. సినిమా జూమ్‌లో ఎక్కువ బరువు, ఎక్కువ డబ్బు ఆ ఒక్క పని కోసమే: 25 నుంచి 250 దాకా వెళ్లినా ఫోకస్ ఉన్నచోటే ఉండాలి. అలా ఉండేదాన్ని పార్‌ఫోకల్ అంటాం. ఫోటో జూమ్‌లు చాలావరకు అలా ఉండవు. కొన్ని దాదాపుగా ఉంటాయి. కానీ ఫలానా మోడల్ ఉంటుందట అని విని నమ్మకూడదు, చేతిలో ఉన్న లెన్స్‌ని చూసుకోవాలి.

లెన్స్ బాగున్నా కెమెరా వైపు తేడా ఉంటే ఫోకస్ నిలవదు. మా కెమెరాకి లెన్స్ బిగించే చోట ఉన్నది కెనాన్ ఈఎఫ్ మౌంట్. అందులో మౌంట్ అంచు నుంచి సెన్సర్ దాకా దూరం 44 ఎంఎం ఉండాలి. అందులో ఎంఎంలో కొన్ని వందో వంతులు తేడా వచ్చినా వైడ్ చివర్లో ముందుగా దెబ్బ కనపడుతుంది. పెద్ద సినిమా కెమెరాలకి అద్దె సంస్థల్లోనే ఈ దూరం కొలిచి సరిచేసి ఇస్తారు. మా కెమెరాలో ఆ సర్దుబాటు మన చేతిలో లేదు.

ఆటోఫోకస్ ఉందిగా అనొచ్చు. ఈ కెమెరాలో బటన్ నొక్కితే ఒక్కసారి ఫోకస్ పడుతుంది. కదిలే మనిషిని వెంబడించదు. షాట్ మొదలయ్యే ముందు పనికొస్తుంది, షాట్ మధ్యలో కాదు.

ఆ రాత్రి తీసుకున్న నిర్ణయం

24-105ని పెట్టెలో పెట్టేశాం. దాని బొమ్మ బాగాలేక కాదు, షార్ప్‌గానే ఉంది. కానీ సాగే గొట్టంతో మాకు పొసగలేదు. జూమ్ చేసిన ప్రతిసారీ ముందు భాగం కదులుతుంది, లెన్స్ ముందు బిగించే మ్యాట్ బాక్స్ ముందుకి వెళ్తుంది, ఫోకస్ గేర్ దాన్ని తిప్పే మోటార్ నుంచి తప్పుతుంది, కెమెరా బ్యాలెన్స్ మారుతుంది. 18-35, 70-200 రెండూ లోపలే జూమ్ అవుతాయి, లోపలే ఫోకస్ అవుతాయి, పొడవు మారదు. ఫోటో జూమ్ ఎంచుకునేటప్పుడు ఇప్పుడు నేను మొట్టమొదట చూసేది ఇదే. ఎంత షార్ప్‌గా చూపిస్తుందన్నది తర్వాత.

రెండో నిర్ణయం ఇంకా గట్టిది: షాట్ నడుస్తుండగా జూమ్ రింగ్ ముట్టుకోకూడదు. 18-35 మీద 18, 24, 35 దగ్గర, 70-200 మీద 70, 100, 135, 200 దగ్గర తెల్ల టేప్‌తో గుర్తులు పెట్టాం. షాట్‌కి ముందు ఆ గుర్తుల్లో ఒకదాని మీద నిలబెట్టి, రింగ్ కదలకుండా టేప్ వేసి, అక్కడే ఫోకస్ చూసుకుని మొదలుపెట్టడం. అంటే ఏడు ప్రైమ్‌లు రెండు గొట్టాల్లో ఉన్నాయనుకుని పని చేశాం. ప్రైమ్‌ల వల్ల రావాల్సిన లాభం వచ్చింది, గదిలో సెన్సర్ తెరవాల్సిన అవసరం పోయింది.

ఫోకస్ మీద పెట్టిన శ్రమ

అసలు సమయం మొత్తం పోయింది ఇక్కడే. సినిమా లెన్స్ ఫోకస్ రింగ్ దగ్గర నుంచి అనంతం దాకా ముప్పావు చుట్టు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తిరుగుతుంది. అడుగులన్నీ విడివిడిగా రాసి ఉంటాయి. ఫోటో లెన్స్‌లో ఆ దూరమంతా సగం చుట్టు లోపే. ఆటోఫోకస్ మోటార్ తొందరగా తిరగాలి కాబట్టి అలా చేస్తారు. 70-200 మీద 3 మీటర్లకీ అనంతానికీ మధ్య ఎడం చూస్తే వేలి గోరు గుర్తొస్తుంది. 100 ఎంఎంలో, ఎఫ్ 2.8 దగ్గర, 2 మీటర్ల దూరంలో ఫోకస్‌లో ఉండే లోతు సుమారు 3 సెంటీమీటర్లు. రెండు వేళ్ల మందం. నేసేటప్పుడు మనిషి తల ముందుకీ వెనక్కీ ఊగేది అంతకన్నా ఎక్కువే.

పైగా ఇలాంటి లెన్సులకి గట్టిగా తగిలి ఆగే చివర ఉండదు. అనంతం దాటినా రింగ్ తిరుగుతూనే ఉంటుంది. లెన్స్ లోపల ఏమీ కదలదు, రింగ్ మాత్రం జారుతుంది. మళ్లీ వెనక్కి తిప్పితే మనం పెట్టుకున్న గుర్తు వేరేచోట ఉంటుంది. ఫోకస్ రింగ్‌ని దూరం నుంచి తిప్పే వైర్‌లెస్ ఫాలో ఫోకస్ మోటార్ రెండు చివరలూ తట్టి చూసి కొలత తీసుకుంటుంది. తట్టడానికి చివరే లేకపోతే అది తిరుగుతూనే పోతుంది. మా అసిస్టెంట్ రెండో రోజు పొద్దున్నే గేర్ రింగ్‌కి ఆపు ముక్కలు బిగించి, మోటార్‌కి మొదలూ చివరా చేత్తో చూపించాడు. "అన్నా, ఇప్పుడు మార్కులు నిలబడుతున్నాయ్" అని వాడు చెప్పాకే కెమెరా గదిలోకి తీసుకెళ్లాను.

ఇంకో చిక్కు మౌంట్ దగ్గర. సినిమా లెన్సులకి వాడే పీఎల్ మౌంట్‌లో లెన్స్‌ని కాలర్ బిగించి పట్టేస్తుంది. ఈఎఫ్‌లో లెన్స్ తిప్పి పెట్టాక వెంట్రుకవాసి ఆట ఉంటుంది. ఫోటోకి దాంతో పనిలేదు. ఫోకస్ మోటార్ దిశ మార్చినప్పుడు మాత్రం లెన్స్ మొత్తం ఆ కాస్తా తిరిగి, ఫ్రేము టక్కున జరుగుతుంది. 15 ఎంఎం రాడ్ల మీద లెన్స్ సపోర్ట్ పెట్టి, 70-200ని దాని కాలర్‌తోనే ప్లేట్‌కి బిగించాక ఆ కదలిక పోయింది. స్టెబిలైజర్ స్విచ్ కూడా ట్రైపాడ్ మీద ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంచాం. లేకపోతే నిలకడగా ఉన్న ఫ్రేము నీళ్ల మీద తేలుతున్నట్టు నెమ్మదిగా జరుగుతుంది.

ఎంత చేసినా కొన్ని షాట్లలో ఫోకస్ పుల్ చేయడం ఈ లెన్సులతో సాధ్యం కాదు. అక్కడ కెమెరా చోటు మార్చడమే మందు. మొదటి రోజు ఆసుని పక్క నుంచి తీశాను. చెయ్యి కెమెరా వైపు వస్తూ పోతూ ఉంది, ప్రతి విసురుకీ ఫోకస్ మారాలి. ఐదో రోజు పెద్దమ్మని మళ్లీ అడిగాం. ఈసారి కెమెరాని ఆమె భుజం వెనక ఎత్తులో పెట్టి, ఆసు చట్రానికి సెన్సర్ సమాంతరంగా ఉండేలా వంచాం. ఇప్పుడు చెయ్యి ఎటు వెళ్లినా దూరం దాదాపు మారదు. 35 ఎంఎం, ఎఫ్ 4. ఫోకస్ రింగ్ ముట్టుకోకుండా పూర్తి షాట్ మొదటి టేకులోనే వచ్చింది. "గంతేనా బిడ్డా?" అని మా వాణ్ని అడిగింది పెద్దమ్మ. ఆమెతో ఇంకోసారి చేయించనక్కర్లేకపోవడం ఆ వారంలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన విషయం.

వెలుగు, ఫిల్టర్లు, పట్టు మెరుపు

గది లోపల ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 3200. ఈ కెమెరాకి 400, 3200 రెండూ సొంత ఐఎస్ఓలు (సెన్సర్ శుభ్రంగా పని చేసే స్థాయిలు) కాబట్టి చీకటి గదిలో బొమ్మ అంత పాడవలేదు. ట్యూబ్‌లైట్ మినుకు పడకుండా 24 ఫ్రేములకి షట్టర్ 172.8 డిగ్రీలు, అంటే సెకనులో 50వ వంతు.

ఫోటో లెన్స్ మీద రాసేది ఎఫ్ నంబర్. అది లెక్కల్లోంచి వచ్చిందే తప్ప లోపలికి నిజంగా వచ్చే వెలుగు కాదు. ఎఫ్ 1.8 ఉన్న ఈ సిగ్మా గాజునే సినిమా బాడీలో పెట్టినప్పుడు ఆ కంపెనీయే, నిజంగా వచ్చే వెలుగు లెక్కన, టి 2 అని రాసింది. మా రెండు లెన్సులూ 2.8 దగ్గర పెట్టినా ఒకే వెలుగు ఇవ్వలేదు. బూడిద రంగు గ్రే కార్డ్ పెట్టి, వెలుగు స్థాయిని రంగుల్లో చూపించే ఫాల్స్ కలర్‌లో కార్డ్ ఆకుపచ్చగా మారేదాకా చూసుకుని రెండింటికీ తేడా రాసి పెట్టుకున్నాం. అపర్చర్ కూడా షాట్ మధ్యలో మార్చలేం. అది కెమెరా చెబితే మెట్లు మెట్లుగా కదులుతుంది, ప్రతి మెట్టూ తెర మీద తెలుస్తుంది.

బయట పని ఇంకోలా ఉంది. రంగు అద్దిన దారాన్ని ఎండలో ఆరేస్తారు. మిట్టమధ్యాహ్నం, ఐఎస్ఓ 400, ఎఫ్ 4 కావాలంటే సుమారు 7 స్టాపుల వెలుగు తగ్గించాలి (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది). ఈ కెమెరాలో లోపల ఎన్‌డీ (వెలుగు తగ్గించే ఫిల్టర్) లేదు. మొదట తిప్పితే ఎంత కావాలంటే అంత వెలుగు తగ్గించే వేరియబుల్ ఎన్‌డీ పెట్టాను, సులువని. దాంట్లో ఉండేవి రెండు పోలరైజర్లే. పోలరైజర్ చేసే పని మెరుపుని తగ్గించడం. పట్టు దారానికి ప్రాణమే ఆ మెరుపు. ఫిల్టర్ తిప్పిన కొద్దీ పట్టు ఒకసారి తళుక్కుమంటుంది, ఒకసారి నూలులా చచ్చుగా కనపడుతుంది. రెండు షాట్లు పక్కపక్కన పెడితే అది ఒకే దారమని నమ్మలేం. వెంటనే తీసేసి మామూలు ఎన్‌డీలకి మారాం: 4 స్టాపులది ఒకటి, 3 స్టాపులది ఒకటి. 18-35కి ముందు ఫిల్టర్ బిగించే సైజు 72 ఎంఎం, 70-200కి 77. రెండింటికీ 82కి పెంచే రింగులు బిగించాక ఒకే ఫిల్టర్ సెట్ సరిపోయింది. ఇంత గట్టి ఎన్‌డీ వేసినప్పుడు ఇన్‌ఫ్రారెడ్ కూడా ఆపే రకం తప్పకుండా కావాలి. లేకపోతే నల్ల దారం ముదురు గోధుమ ఎరుపులోకి తిరుగుతుంది. నలుపూ ఎరుపూ పక్కపక్కనే ఉండే ఇక్కత్‌లో అది దాచలేని తప్పు.

చిటికి ముడులు

నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా ఇష్టమైన షాట్లు చిటికి కట్టేవి. రంగు అంటకూడని చోట దారాల కట్టని సైకిల్ ట్యూబు నుంచి కోసిన సన్నటి రబ్బరు పట్టీతో బిగించి చుడతారు. ఆ ముడి కందిగింజంత ఉంటుంది. 70-200 దగ్గరి ఫోకస్ 1.2 మీటర్లు, దాంతో అంత దగ్గరికి వెళ్లలేం. ముందు +2 డయోప్టర్ క్లోజప్ లెన్స్ తగిలించి, 200 దగ్గర ఫోకస్ అనంతంలో పెడితే, అర మీటరు దూరంలో 6 సెంటీమీటర్లకి లోపు వెడల్పు ఫ్రేము నిండా వస్తుంది. రబ్బరు సాగడం, ముడి బిగుస్తుంటే దారాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కడం, గోటి కింద నిలిచిన నీలి రంగు, అన్నీ కనిపించాయి. ఫోకస్ రింగ్ వదిలేసి, కెమెరానే స్లయిడర్ మీద ముందుకీ వెనక్కీ ఎంఎం ఎంఎం జరిపి పట్టుకున్నాం. ఎఫ్ 8 దాకా మూసి, పక్కన ఒక చిన్న ఎల్ఈడీ పెట్టాం.

ఎడిట్ టేబుల్ మీద

రెండు లెన్సుల రంగులో తేడా ఉంది. సిగ్మా కాస్త పసుపు వైపు లాగింది. ప్రతి సెటప్‌లో కలర్ చార్ట్ తీసి పెట్టుకున్నందువల్ల గ్రేడింగ్‌లో అది పెద్ద పని కాలేదు. సరిచేయలేకపోయింది బ్రీతింగ్. 70-200తో వేళ్ల నుంచి ముఖానికి ఫోకస్ మార్చిన చోట ఫ్రేము కూడా మారుతుంది, చూసేవాడికి చిన్న జూమ్‌లా అనిపిస్తుంది. అలాంటివి నాలుగు షాట్లున్నాయి. మూడింటిని ఫోకస్ మారే చోట కట్ చేశాం. నాలుగోది అలాగే ఉంచాం. అందులో పెద్దాయన నవ్వు ఇంకెక్కడా దొరకలేదు.

దర్శకురాలు మొదటి రోజు అడిగిన ఆ జూమ్ షాట్ మాత్రం సినిమాలో ఉంది. ఐదో రోజు 35 దగ్గర టేప్ వేసి తీసిన ఆసు టేక్ 6144 పిక్సెళ్ల వెడల్పుతో రికార్డయింది. సినిమా బయటికి వెళ్లేది 3840లో. అంటే నాణ్యత పోకుండా 1.6 రెట్లు లోపలికి వెళ్లే వీలుంది. ఎడిటర్ 40 సెకన్ల మీద దాన్ని నెమ్మదిగా సాగదీశాడు. 35 దగ్గర మొదలై 56 దగ్గర ఆగినట్టు ఉంటుంది. మొదట అనుకున్నట్టు రెండు వేళ్ల దాకా వెళ్లదు, మోచెయ్యి దగ్గరే ఆగిపోతుంది. ఆగాక కూడా చెయ్యి మేకు దాకా వెళ్లి, దారం వేసి, తిరిగి వస్తూనే ఉంటుంది. ఎఫ్ 4లో తీసినందువల్ల అంత లోపలికి వెళ్లినా దారం దారంగానే కనపడుతోంది.